నడుం నొప్పికి గడువు పెట్టిన పత్రం

కంపెనీలన్నీ ఒకే మాటలతో అమ్మే ‘ఆరోగ్య సంజీవని’ ఆరోగ్య బీమా పాలసీ పత్రంలో రెండేళ్ల గడువున్న, అంటే పాలసీ తీసుకున్నాక రెండేళ్లు ఆగితేనే డబ్బొచ్చే జబ్బుల పట్టిక ఒకటుంది. కంటి శుక్లాలు, హెర్నియా, మొలలు, పిత్తాశయంలో రాళ్లు వగైరా. ఆ వరుసలోనే జారిన డిస్కు, వెన్నెముక జబ్బులు కూడా వస్తాయి. పట్టికలోని చాలా జబ్బులకు లేని చిన్న షరతొకటి వెన్నెముకకు తగిలించారు: ప్రమాదం వల్ల వచ్చినదైతే ఈ గడువు వర్తించదు.

ఆ షరతు రాసినవాళ్లకు వెన్ను ఎలా దెబ్బతింటుందో తెలుసు. ఏళ్ల తరబడి వంగి, మోసి, కుదుపులు తిని మెల్లగా అరిగే వెన్ను ఒక రకం. ట్రాక్టరు మీంచి పడో, బండి జారో ఒక్క క్షణంలో విరిగే వెన్ను ఇంకో రకం. అరుగుదల సంగతి మనిషికి ముందే ఎంతో కొంత తెలుస్తుంది. పడిపోవడం సంగతి ఎవరికీ తెలియదు. ఎవరికి ఎప్పుడొస్తుందో తెలియని ఆపద కోసం అందరూ తలా కొంత వేసుకోవడమే బీమా. అందుకే అరిగినదానికి గడువు పెట్టారు, విరిగినదానికి పెట్టలేదు. ఇంత ఆలోచన పత్రంలో నాలుగైదు మాటల్లో ఇమిడిపోయింది.

ఆరోగ్య బీమా పత్రాన్ని ఎవరూ ఇష్టంగా చదవరు. సంతకం పెట్టి బీరువాలో దాచి, ఆసుపత్రి మెట్లెక్కినప్పుడే బయటికి తీస్తారు. కానీ ఇది కూడా మనుషులు కూర్చుని, ఆలోచించి, మాట మాటా తూచి చేసిన పనే. వెన్ను జబ్బున్నవాళ్లు దీన్ని ఆ కళ్లతో ఒకసారి చదవాలని నా కోరిక. డిస్కు జారిందని ఒకసారి తేలితే ఇక ప్రైవేటు బీమా రాదన్న మాట ఊరూరా స్థిరపడిపోయింది. ఒకప్పుడు అందులో నిజముంది. ఆ నిజాన్ని కొన్ని నిబంధనల్లోని మాటలు ఓపికగా మారుస్తూ వచ్చాయి. ఆ మార్పును దగ్గరగా చూపించడమే ఈ వ్యాసం పని.

రేగోడ్ నుంచి చూస్తే

రేగోడ్ మెదక్ జిల్లా పడమటి వైపున్న మండల కేంద్రం. ఇక్కడ పొలం పనైనా, కూలి పనైనా, ఆటో నడపడమైనా, దుకాణంలో సరుకు దించుకోవడమైనా భారం చివరికి నడుం మీదే పడుతుంది. నడుం పట్టిందంటే ముందు నూనె రాసుకుంటారు, తర్వాత బెల్టు కట్టుకుంటారు, ఇంకా తగ్గకపోతే ఒక సూది. నొప్పి పిరుదు మీదుగా కాలిలోకి దిగి, పాదం మొద్దుబారితే అప్పుడు ఎమ్మారై కోసం సంగారెడ్డో హైదరాబాదో. వెన్నులో 33 పూసలుంటే, ఎక్కువమందికి రిపోర్టులో కనిపించేవి కింది రెండు చోట్లే: ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1. ఒంటి బరువూ, వంగుడూ అన్నీ అక్కడే పడతాయి కాబట్టి డిస్కు కూడా అక్కడే ఎక్కువగా జారుతుంది.

రేషన్ కార్డున్న కుటుంబాలకు ఆరోగ్యశ్రీ ఉంది. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9న 10 లక్షల రూపాయలకు పెంచింది. వెన్నెముక ఆపరేషన్లలో కొన్ని అందులోకి వస్తాయి. అంతకుముందే జబ్బుందా అన్న ప్రశ్న ఆరోగ్యశ్రీ అడగదు. కార్డున్న మనిషి ముందు అడగాల్సింది ఆరోగ్యశ్రీనే, అందులో సందేహం లేదు.

కార్డు లేనివాళ్ల సంగతి వేరు. చిన్న దుకాణదారు, ప్రైవేటు బడి టీచరు, హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఊళ్లో అమ్మానాన్నలను ఉంచిన కొడుకు, పథకం జాబితాలో లేని ఆసుపత్రికి వెళ్లక తప్పనివాళ్లు ప్రైవేటు బీమా వైపు చూస్తారు. ప్రైవేటు బీమా స్వభావమే వేరు. డబ్బు కట్టాలా వద్దా అన్నది మనిషి ఇష్టం. ఆపరేషన్ ఖాయమైన రోజు పాలసీ కొనుక్కుని, మర్నాడు క్లెయిమ్ చేసే వీలుంటే బాగున్నప్పుడు ఎవరూ ప్రీమియం కట్టరు. కట్టేవాళ్లు లేకపోతే ఇచ్చే సొమ్మూ ఉండదు. కాబట్టి ఏదో ఒక అడ్డు ఉండక తప్పదు. ఆ అడ్డు ఎంత పొడుగుండాలి, ఎవరికి ఉండాలి, ఎప్పుడు తొలగిపోవాలి అన్న చోటే పత్రం రాసేవాళ్ల నేర్పు తెలుస్తుంది.

‘ఎప్పటికీ’ నుంచి 36 నెలలకు

1986లో ప్రభుత్వ రంగ కంపెనీలు ‘మెడిక్లెయిమ్’ తెచ్చినప్పుడు ఈ అడ్డు చాలా మొరటుగా ఉండేది. మొదటిసారి పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులన్నీ బయటే. ఎన్నాళ్లు? ఎప్పటికీ. పాతికేళ్ల వయసులో డిస్కు జారిన మనిషి అరవై ఏళ్లదాకా ప్రీమియం కట్టినా వెన్నుకు పైసా రాదు. వాక్యం చిన్నదే, పట్టిన జీవితం మాత్రం మొత్తం.

ఆ ‘ఎప్పటికీ’ మీద తర్వాతి తరాలవాళ్లు పనిచేశారు. భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 1999 నాటి చట్టం కింద ఏర్పడింది. ఐఆర్‌డీఏఐ అని అందరూ పిలిచే ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే, నానక్‌రాంగూడలో ఉంది. 2013లో అది ఆరోగ్య బీమా మాటలన్నిటికీ ఒకే నిర్వచనాలు పెట్టినప్పుడు, ముందే ఉన్న జబ్బును 48 నెలల లెక్కకు కట్టింది. 2024 ఏప్రిల్ నుంచి ఆ 48 కాస్తా 36 అయింది. అంటే పాలసీ తీసుకున్నాక మూడేళ్లు ఆగకుండా ప్రీమియం కడితే, ముందే చెప్పిన జబ్బుకు కూడా కంపెనీ డబ్బివ్వాలి.

ఈ మార్పు అంకెల్లో కనిపించేదాని కన్నా పెద్దది. నిషేధాన్ని గడువుగా మార్చారు. నిషేధం ఉన్నచోట మనిషి చేయగలిగిందేమీ లేదు. గడువు ఉంటే లెక్క వేసుకోవచ్చు, తయారు కావచ్చు, ఎదురుచూడవచ్చు. డిస్కు జబ్బు స్వభావానికి ఇది బాగా కుదిరింది కూడా. జారిన డిస్కుల్లో ఎక్కువ భాగం కత్తి పెట్టకుండానే వారాల్లో, నెలల్లో సర్దుకుంటాయి. ఆపరేషన్ అవసరమయ్యేది కొద్దిమందికే. ఆ మూడేళ్లలో, గడువు పట్టికలోని జబ్బులు తప్ప, మిగతా ఒళ్లంతా పాలసీ నీడలోనే ఉంటుంది. డెంగీ వచ్చినా, గుండె పట్టేసినా మొదటి 30 రోజులు దాటితే చాలు. ప్రమాదమైతే ఆ 30 రోజులు కూడా లేవు. నడుం నొప్పి ఉందని బీమానే మానుకున్నవాళ్లు పోగొట్టుకునేది ఈ మిగతా అంతా.

పట్టికలో లేని పేరు

2019 సెప్టెంబరులో ఐఆర్‌డీఏఐ మినహాయింపులన్నిటినీ ఒక తీరుకు తెచ్చే మార్గదర్శకాలిచ్చింది. అంతకుముందు ఒక్కో కంపెనీ తన మినహాయింపులను తనకు తోచిన మాటల్లో రాసుకునేది. రెండు పాలసీలు పక్కపక్కన పెట్టి చూసినా ఏది మేలో తేలేది కాదు. ఈ మార్గదర్శకాలతో ఒక్కో మినహాయింపుకు ఒక కోడు నంబరు, ఒకే వాక్యం వచ్చాయి. 01 అంటే ముందే ఉన్న జబ్బు. 02 అంటే పేరు పెట్టి చెప్పిన జబ్బుల గడువు. 03 అంటే మొదటి 30 రోజులు. ఏ కంపెనీ పత్రం తీసినా నంబరు పట్టుకుని ఆ వాక్యం దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఇంగ్లిషు అంతంతమాత్రంగా వచ్చిన మనిషి కూడా చదువుకున్న పిల్లలనడిగి ఆ ఒక్క పేరా చదివించుకోగలడు.

ఆ మార్గదర్శకాల్లోనే, కొనుగోలుదారు ఒప్పుకుంటే కంపెనీ శాశ్వతంగా పక్కన పెట్టగల జబ్బుల పట్టిక ఉంది. మొత్తం 16. క్యాన్సర్, మూర్ఛ, పక్షవాతం, దీర్ఘకాల కాలేయ జబ్బులు, మూత్రపిండాల జబ్బు, హెపటైటిస్-బి, పార్కిన్సన్స్, వినికిడి లోపం, తుంటి ఎముక వంటివి రక్తం అందక చచ్చుబడే జబ్బు అందులో ఉన్నాయి. జారిన డిస్కు అందులో లేదు. వెన్ను కాలువ ఇరుకవడం, పూస ముందుకు జరగడం, పుట్టుకతో వచ్చిన వెన్ను వంకర లేవు. ఆరోగ్య సంజీవనిలో వెన్నెముకకు పెట్టిన చోటు 24 నెలల గడువు పట్టిక.

ఏం రాశారో అన్నదాంతో పాటు ఏం రాయకుండా వదిలారో కూడా చూసినప్పుడే ఒక పత్రం నేర్పు పూర్తిగా అర్థమవుతుంది. నడుం నొప్పి లేని ఇల్లు లేదు. దాన్ని శాశ్వత మినహాయింపుల్లోకి పంపితే దేశంలో సగం ఇళ్ల వెన్ను బీమా బయట పడుతుంది. పదహారు పేర్లు రాసి పదిహేడో పేరుగా వెన్నును చేర్చకపోవడం ఆ మార్గదర్శకాల్లో నాకు అన్నిటికన్నా నచ్చిన పని.

రెండు గడువులు, ఒక్క ఏడాది తేడా

ఇక అసలు కీలకమైన చోటు. డిస్కు జబ్బున్న మనిషికి రెండు గడువులూ తగులుతాయి. వెన్నెముక పేరు 24 నెలల పట్టికలో ఉంది. అతనికి ముందే జబ్బు ఉంది కాబట్టి 36 నెలల గడువూ ఉంది. రెండూ కలిపి 60 నెలలా? ఈ ప్రశ్న ఎక్కడా రాసి ఉండకపోతే క్లెయిమ్ వేళ ఎవరికి వాళ్లు తమకు నచ్చిన లెక్క కట్టుకునేవాళ్లు. 02 నంబరు నిబంధన ఆ అవకాశం ఇవ్వలేదు. రెండు గడువులు ఒకే జబ్బుకు వర్తిస్తే రెండింటిలో పొడుగైనదే లెక్క అని తేల్చేసింది. అంటే 36 నెలలు. కూడిక లేదు.

ఇప్పుడు పక్కింటి మనిషిని చూడండి. అతనికి జీవితంలో నడుం నొప్పే రాలేదు. అతను కూడా ఈరోజే పాలసీ తీసుకున్నాడు. ఆర్నెల్లకు అతని డిస్కు జారింది. అతనికి వెన్ను ఆపరేషన్ డబ్బు ఎప్పుడొస్తుంది? 24 నెలల తర్వాతే. పాలసీ తీసుకున్నాక కొత్తగా వచ్చినా సరే, పట్టికలో ఉన్న జబ్బుకు ఆ గడువు తప్పదని అదే నిబంధన చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న వెన్నుకు రెండేళ్లు, జబ్బు పడిన వెన్నుకు మూడేళ్లు. ఎమ్మారై రిపోర్టు బయట పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి పక్కింటివాడికన్నా అదనంగా ఆగేది ఒక్క ఏడాది.

ఈ లెక్క తెలియక ఎంతమంది తప్పుదారి పడుతున్నారో! ఫారం నింపేవేళ, “అన్నా, నడుం నొప్పి సంగతి రాయకు, రాస్తే పాలసీ రాదు” అని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో దొరుకుతారు. మంచి మనసుతోనే చెబుతుండవచ్చు. కానీ దాచిన మనిషి మీద పడేది ఏడాది కాదు, ఐదేళ్లు. పాలసీ వరుసగా 60 నెలలు నడిచేదాకా, జబ్బు దాచారని చెప్పి కంపెనీ క్లెయిమును తోసిపుచ్చవచ్చు. 2024కు ముందు ఆ కాలం ఎనిమిదేళ్లుండేది, ఇప్పుడు ఐదేళ్లయింది. ఐదేళ్లు దాటాక కూడా మోసం రుజువైతే రక్షణ లేదు. ఆసుపత్రిలో డాక్టరు అడిగే మొదటి ప్రశ్న “ఎన్నాళ్ల నుంచి?” అని. రోగి చెప్పిన జవాబు కేసు షీటు మీదికి ఎక్కుతుంది, కేసు షీటు కంపెనీకి వెళుతుంది. నాలుగేళ్ల కిందటి ఎమ్మారై సంగతి అక్కడ బయటపడితే, అప్పటిదాకా కట్టిన ప్రీమియం ఏదీ ఆదుకోదు.

01 నంబరు నిబంధన చివర మరో మాట ఉంది: 36 నెలలు దాటాక డబ్బు రావాలంటే ఆ జబ్బును దరఖాస్తులో చెప్పి ఉండాలి, కంపెనీ ఒప్పుకుని ఉండాలి. మూడేళ్ల తర్వాత దక్కే హక్కుకు పునాది మొదటిరోజు రాసిన నిజమే. నిజం చెప్పినవాళ్లకు తక్కువ భారం, దాచినవాళ్లకు ఎక్కువ భారం పడేలా అంకెలు కూర్చడం ఈ పత్రంలోని గొప్ప పనితనం. నీతులు చెప్పకుండానే, గడువుల లెక్కతోనే మనిషిని నిజం వైపు నడిపిస్తుంది.

లక్షణం నుంచి నిర్ధారణకు

అసలు ‘ముందే ఉన్న జబ్బు’ అంటే ఏమిటి? 2013 నాటి నిర్వచనంలో లక్షణాలు కూడా ఉండేవి. పాలసీకి ముందు 48 నెలల్లో లక్షణాలు కనిపించినా, జబ్బు నిర్ధారణ అయినా, చికిత్స జరిగినా అది ముందే ఉన్న జబ్బే. మిగతా జబ్బుల సంగతి ఎలా ఉన్నా, వెన్నుకు ఈ మాట చాలా ప్రమాదకరం. నడుం నొప్పి ఎవరికి రాదు? నాట్ల కాలంలో నాలుగు రోజులు నడుం పట్టిందన్న ఒక్క మాటను పట్టుకుని, ఏళ్ల తర్వాత జారిన డిస్కును కూడా పాతదే అనవచ్చు.

2019లో ఆ నిర్వచనాన్ని తిరగరాశారు. డాక్టరు నిర్ధారించినది, లేదా డాక్టరు సలహా, చికిత్స సూచించినది, చేసినది మాత్రమే ఇందులోకి వస్తుందన్నారు. పాలసీ మొదలైన మూడు నెలల్లోపు లక్షణాలు బయటపడి జబ్బుగా తేలితే అదీ ముందే ఉన్నట్టు లెక్క అని ఒక మూడో అంశం ఉంచారు. 2020 ఫిబ్రవరిలో దాన్నీ తీసేశారు. 2024లో వెనక్కి చూసే కాలాన్ని కూడా 48 నుంచి 36 నెలలకు తగ్గించారు. ఇప్పుడు కొలబద్ద డాక్టరు చీటీ. గడిచిన మూడేళ్లలో వెన్ను గురించి ఏ డాక్టరూ ఏదీ నిర్ధారించకపోతే, సలహా ఇవ్వకపోతే, మామూలు నడుం నొప్పి ముందే ఉన్న జబ్బు కాదు. ఎవరికైనా ఉండే బాధకు, నిర్ధారణ అయిన జబ్బుకు మధ్య గీత ఇంత స్పష్టంగా గీయడానికి 2013 నుంచి 2020 దాకా ఏడేళ్లు పట్టింది. అయితే ప్రపోజల్ ఫారంలో కంపెనీ అంతకన్నా పాత సంగతి అడిగితే దానికీ నిజమే రాయాలి. నిర్వచనం గడువు సంగతి చెబుతుంది, ఫారంలోని ప్రశ్నకు జవాబు మాత్రం ప్రశ్న అడిగినట్టే ఇవ్వాలి.

ఫారం నింపడమూ ఒక పనే

పత్రం రాసినవాళ్లు తమ వంతు పని శ్రద్ధగా చేశారు. దరఖాస్తు నింపేవాళ్లూ అంతే శ్రద్ధ పెట్టాలి. ఫారంలో ‘వెన్ను నొప్పి’ అని రెండు మాటలు రాసి వదిలేస్తే, కంపెనీలో దరఖాస్తు పరిశీలించే డాక్టరుకు అది పాదం పడిపోయిన జబ్బో, నాలుగు రోజుల పట్టో తెలియదు. తెలియనప్పుడు జాగ్రత్త కోసం ఆయన చెడ్డదాన్నే ఊహిస్తాడు. ఏ పూసల మధ్య, ఎప్పుడు తేలింది, ఎమ్మారై ఏమంది, ఆపరేషన్ అయిందా, ఇప్పుడు మందులున్నాయా, పని చేసుకోగలుగుతున్నారా అన్న ఆరు సంగతులు రాసి, రిపోర్టు నకలు జత చేస్తే చిత్రం మారిపోతుంది. కంపెనీ కొంత ప్రీమియం పెంచి ఇవ్వవచ్చు. గడువు పెట్టి ఇవ్వవచ్చు. చీకట్లో నిర్ణయం తీసుకునే అవసరం మాత్రం ఉండదు.

ఫారం ఇంగ్లిషులో ఉండి, మరొకరు నింపి, రేగోడ్ మనిషి కింద సంతకమో వేలిముద్రో వేసే సందర్భాలు చాలా ఉంటాయి. అటువంటప్పుడు ‘ఇందులోని విషయాలు నాకు తెలిసిన భాషలో వివరించారు’ అన్న వాంగ్మూలం ఫారంలో ఉంటుంది. వివరించినవాళ్లు కూడా దాని కింద సంతకం చేయాలి. ఆ వాంగ్మూలాన్ని ఖాళీగా వదలకూడదు. నింపిన ఫారం నకలు పాలసీతో పాటు తీసుకుని దాచుకోవాలి. ఏం చెప్పామన్నదానికి రేపు అదే సాక్ష్యం.

చెప్పి తీసుకున్న పాలసీ ఎంత బలమైనదో 2021 డిసెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. విదేశీ ప్రయాణ బీమా తీసుకున్న ఒక వ్యక్తికి అమెరికాలో దిగగానే గుండెపోటు వచ్చింది. కంపెనీ డబ్బివ్వనంది. జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ బి.వి. నాగరత్న ధర్మాసనం దాన్ని ఒప్పుకోలేదు. దరఖాస్తులో చెప్పిన ఆరోగ్య పరిస్థితిని పరిశీలించి పాలసీ ఇచ్చిన కంపెనీ, తర్వాత అదే పరిస్థితిని చూపించి క్లెయిము కొట్టేయడానికి వీల్లేదంది. గుండెకు చెప్పిన ఆ న్యాయం వెన్నుకూ అంతే.

కాదన్నప్పుడు

ఇంత చేసినా కంపెనీ కాదనవచ్చు. ఆరోగ్య సంజీవని సహా ఏ పాలసీకైనా దరఖాస్తును పరిశీలించే అధికారం కంపెనీకి ఉంది. తేలికపాటి డిస్కు జబ్బుకన్నా వెన్నుపాముకే దెబ్బ తగిలినవాళ్లకు ఈ గోడ ఎక్కువగా ఎదురైంది. వాళ్ల కోసం 2022 డిసెంబరు 13న ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ ఇచ్చిన తీర్పును శ్రద్ధగా చదవాలి. వెన్నుపాము గాయంతో చక్రాల కుర్చీకి పరిమితమైనా పెట్టుబడుల రంగంలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక వ్యక్తికి కంపెనీలు ఆరోగ్య బీమా నిరాకరించాయి. ఆయన కోర్టుకెక్కారు.

ఆ తీర్పు ఒక్క మనిషికి న్యాయం చేసి ఊరుకోలేదు. జీవించే హక్కులో ఆరోగ్యమూ భాగమేనని, వికలాంగులకు ఆరోగ్య బీమాలో వివక్ష కూడదని చెప్పి, కంపెనీలన్నిటినీ పిలిచి వాళ్లకు తగిన పాలసీలు తయారు చేయించాలని ఐఆర్‌డీఏఐని ఆదేశించింది. ఇలాంటివాళ్ల ప్రాణాలను ‘సబ్‌స్టాండర్డ్’ అని పిలిచే అలవాటును సరిదిద్దాలని కూడా అంది. 2023 ఫిబ్రవరి 27న ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ వచ్చింది. వికలాంగులకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లకు సాధారణ బీమా, ఆరోగ్య బీమా కంపెనీలన్నీ పాలసీ అందుబాటులో ఉంచాలంటూ నమూనా పాలసీని కూడా జత చేసింది. తీర్పుకూ, అమలుకూ మధ్య మూడు నెలలు కూడా గడవలేదు.

కాదన్న కంపెనీ నుంచి కారణం రాతపూర్వకంగా తీసుకోవాలి. పాలసీ ఉండి క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీకి ఫిర్యాదు, తర్వాత హైదరాబాదు లక్డీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ అదే కార్యాలయం. 50 లక్షల రూపాయల దాకా తగాదాలు అక్కడ ఫీజు లేకుండా, లాయరు లేకుండా తేలతాయి. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల నంబరు 155255.

కొరవలు

మెచ్చుకున్న పనిలో కొరవలు చెప్పకపోతే మెచ్చుకోలుకు విలువ లేదు. ఆరోగ్య సంజీవని ప్రతి క్లెయిములో 5 శాతం రోగి మీదే వేస్తుంది. గది అద్దెకు రోజుకు బీమా మొత్తంలో 2 శాతం, అదీ 5,000 రూపాయలు మించకుండా పరిమితి పెట్టింది. హైదరాబాదు పెద్దాసుపత్రుల్లో ఆ పరిమితిలో దొరికే గది చూసుకునే చేరాలి. నడుం నొప్పికి నిజంగా ఎక్కువ ఖర్చయ్యేది ఫిజియోథెరపీకి, బెల్టులకు, డాక్టరు ఫీజుకు. ఆసుపత్రిలో చేరకుండా పెట్టే ఈ ఖర్చు పాలసీలోకి రాదు. పరీక్షల కోసమో, పడుకుని విశ్రాంతి తీసుకోవడానికో చేరితే 04, 05 నంబరు మినహాయింపులు అడ్డొస్తాయి. చికిత్సకు చేరినప్పుడు మాత్రం, అంతకుముందు 30 రోజుల్లో అదే జబ్బుకు తీయించిన ఎమ్మారై, ఆ తర్వాత 60 రోజుల ఖర్చు లెక్కలోకి వస్తాయి. బిల్లులు దాచుకోవాలి.

మరో కొరవ పొలం పనిచేసేవాళ్లది. బస్తా ఎత్తుతుంటే నడుములో కలుక్కుమని డిస్కు జారితే అది ప్రమాదమా, జబ్బా? ప్రమాదమంటే అనుకోకుండా, హఠాత్తుగా, బయటినుంచి కనిపించే బలమైన కారణంతో జరిగినదని నిర్వచనం. బస్తా ఎత్తడం బయటి దెబ్బ కాదని కంపెనీ అనవచ్చు. ఒళ్లు వంచి బతికేవాళ్ల వెన్ను చాలాసార్లు దెబ్బతినేది సరిగ్గా అలాగే. మొదట్లో చెప్పిన ప్రమాదం షరతును అంత అందంగా రాసినవాళ్లు, ఈ సందర్భాన్ని కూడా పేరు పెట్టి తేల్చేయాలి.

ఒక మంచి సంగతితో దీన్ని సరితూచాలి. ఆరోగ్య సంజీవనిని 2020 ఏప్రిల్ 1 నుంచి సాధారణ, ఆరోగ్య బీమా కంపెనీలన్నీ ఒకే మాటలతో అమ్మాలని నియమం. ఊరిని బట్టి ధర మార్చకూడదని కూడా ఉంది. ఊళ్లను జోన్లుగా విడగొట్టే కొన్ని పాలసీల్లో చిన్న ఊరి మనిషి తక్కువ ప్రీమియం కట్టినా, నగరంలో వైద్యం చేయించుకుంటే అదనంగా జేబులోంచి వేసుకోవాలి. రేగోడ్ మనిషి వెన్ను ఆపరేషనుకు హైదరాబాదే వెళ్లాలి కాబట్టి దేశమంతా ఒకే ధర అన్న ఈ నియమం అతనికి పనికొచ్చేది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు. ప్రీమియాన్ని నెలకో, మూణ్నెల్లకో, ఆర్నెల్లకో కట్టే వీలుంది. పంట డబ్బు చేతికొచ్చేదాకా ఏడాది ప్రీమియం మొత్తం కోసం వెతుక్కోనక్కర్లేదు. కంపెనీ నచ్చకపోతే వేరే కంపెనీకి మారినా, పాత బీమా మొత్తం మేరకు గడిపిన గడువు కూడా వెంట వస్తుంది. బీమా మొత్తం పెంచుకుంటే మాత్రం పెరిగినదానికి గడువు కొత్తగా మొదలవుతుంది. అందుకే మొదటే తాహతుకు తగినంత తీసుకోవడం మేలు.

పాలసీ ముఖ్యాంశాల పత్రాన్ని కోరితే స్థానిక భాషలో ఇవ్వాలన్నది ఐఆర్‌డీఏఐ నియమమే. ఏజెంటును తెలుగు ప్రతి అడగాలి. వచ్చాక 02 నంబరు పక్కన వెన్నెముక ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనాలి. చదివి నచ్చకపోతే 30 రోజుల్లో పాలసీ తిరిగి ఇచ్చేయవచ్చు. నచ్చితే ఆలస్యం చేయకూడదు. గడువు పాలసీ మొదలైన రోజునుంచే నడుస్తుంది కాబట్టి, నొప్పి సర్దుకున్న ఈ నెలలోనే, ఎమ్మారై కాగితం జతచేసి, ఉన్నదంతా రాసి దరఖాస్తు ఇవ్వాలి. మూడేళ్ల తర్వాత వెన్ను మళ్లీ మొరాయిస్తే, ఆపరేషన్ ఖర్చు గురించి కంపెనీతో మాట్లాడే హక్కు ఈరోజు రాసిన ఆ నిజంతోనే వస్తుంది.